“ఎట్ల చెప్పాలె” అన్నది లెక్కల ప్రశ్నేనా?

హన్మకొండ_లెక్కలు (చర్చ మొదలుపెట్టినవారు)

స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్ల లెక్కల టీచర్లు కూర్చున్నప్పుడు రెండు రకాల ప్రశ్నలు లేస్తయి. ఒకటి “ఈ లెక్క ఎట్ల చేయాలె”. దానికి అందరూ పెన్ను తీస్తరు. రెండోది “ఈ లెక్క ఎట్ల చెప్పాలె”. అది రాంగనే “అది బోధనా పద్ధతుల సంగతి, డైట్ (టీచర్ల శిక్షణ) కాలేజీల, బీఎడ్‌ల చదివిందే, ఇక్కడ గణితం మాట్లాడుకుందాం” అని పక్కకు పెడ్తరు. రెండో రకం ప్రశ్నల్ల సగానికి పైగా వాటికి జవాబు గణితంల తప్ప వేరే ఎక్కడా దొరకదని నేను గట్టిగా నమ్ముత. మాట వరసకు కాదు, ఈ మూడు ప్రశ్నల మీద తేల్చుకుందాం:

(అ) ఏడో తరగతికి 1¾ ÷ ½ చెప్పాలె. “తిప్పి గుణించు” అనకుండ, అది ఎందుకు పనిచేస్తదో కనబడేటట్లు ఎట్ల?

(ఆ) ఋణ సంఖ్యను ఋణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు? బోర్డు మీద వరుస రాసి చూపిస్తే అది నిరూపణేనా?

(ఇ) ఇంటర్ పిల్లలకు గరిష్ఠ, కనిష్ఠ విలువల లెక్కలు తయారుచేయాలె. మూలాలు, అవకలజం సున్నా అయ్యే బిందువులు అన్నీ పూర్ణసంఖ్యలే రావాలె. అంకెలు ఎట్ల ఎంచుకోవాలె?

ఫోన్‌ల టైపు చేసేవాళ్లకు తేలిగ్గ ఉండాలని చరరాశులు తెలుగు అక్షరాలల్లనే రాద్దాం: చరరాశి య, స్థిరరాశులు క, ఖ, గ, సహజ సంఖ్యలు మ, న.

నిరూపణ_కాజీపేట

నేను అట్లా పక్కకు పెట్టేవాళ్ల పక్షం. గణిత ప్రశ్నకు ఒక లక్షణం ఉంది: జవాబు సరైనదో కాదో ఎవరు చూసినా ఒకేలా తేలుతుంది. “ఎలా చెప్పాలి” అన్న ప్రశ్నకు పదిమంది పది జవాబులు ఇస్తారు, పదీ వారి వారి తరగతిలో పనిచేశాయంటారు. ఏది తప్పో చెప్పే దారి లేదు. అలాంటి ప్రశ్నలకు తలుపు తెరిస్తే వెంటనే వచ్చేవి ఇవి: “వెనక బెంచీ వాళ్లు వినడం లేదు”, “45 నిమిషాల పీరియడ్ చాలడం లేదు”, “హోంవర్క్ చూసి రాస్తున్నారు”. ఇవి ముఖ్యమైన సమస్యలే. కానీ వాటిని పరిష్కరించడానికి గణితం తెలిసి ఉండనక్కర్లేదు. సాంఘిక శాస్త్రం టీచరుకూ అవే ఉంటాయి. ఒక్కసారి అవి వచ్చి కూర్చుంటే గణితం మాట్లాడే రెండు గంటలూ వాటికే పోతాయి.

(అ) విషయానికొస్తే భాగహారం నిర్వచనం ఒక్కటే చాలు. ఏ సంఖ్యను భాజకంతో గుణిస్తే భాజ్యం వస్తుందో అదే భాగఫలం. 7/4 × 2/1 ను ½తో గుణించండి, 7/4 వస్తుంది. అయిపోయింది. ఇందులో ఎలా చెప్పాలన్న ప్రశ్న ఎక్కడుంది?

పరకాల_ఏడోతరగతి

సార్, మీ నిరూపణ సరైందే. అది జవాబు చేతికిచ్చి సరిచూసుకోమనే నిరూపణ. ఆ 2/1 ఎక్కడి నుంచి వచ్చిందో అందుల లేదు.

మన దిక్కు పిల్లలకు ఎకరం, గుంట ఇంట్ల వినే మాటలే. ఎకరానికి 40 గుంటలు. 1¾ ఎకరాలు అంటే 70 గుంటలు, అర ఎకరం అంటే 20 గుంటలు. 1¾ ఎకరాల చెలకను అర ఎకరం చొప్పున ముక్కలు చేస్తే ఎన్ని ముక్కలు? 70 ÷ 20 = 3½. హారాలు ఎక్కడ పోయినయి? ఎక్కడికీ పోలేదు, రెండు భిన్నాలను ఒకే హారానికి తెచ్చి లవాలను భాగించినం. 70/40 ÷ 20/40 అన్నా, 7/4 ÷ 2/4 అన్నా ఒకటే, లవాల నిష్పత్తి మిగుల్తది.

తప్పు ఎక్కడ జరుగుతదంటే, మూడు ముక్కలు పోంగ 10 గుంటలు మిగిలినయి. 10 గుంటలంటే పావు ఎకరం. అందుకని పిల్లగాడు 3¼ అని రాస్తడు. అజాగ్రత్త వల్ల కాదు, శేషాన్ని ఎకరంతోటి కొలిచిండు. కొలవాల్సింది భాజకంతోటి, అంటే అర ఎకరంతోటి. భాజ్యం = భాజకం × భాగఫలం + శేషం అని రాస్తే 70 = 20 × 3 + 10. మొత్తాన్ని 20తో భాగిస్తే 3 + 10/20. జవాబు సరిచూడమంటే తప్పు వాళ్లకే దొరుకుతది: 3¼ × ½ = 1⅝ ఎకరాలు, అంటే 65 గుంటలు. ఐదు గుంటలు ఏడ పోయినయి?

అయితే ఈ దారిల “తిప్పి గుణించు” కనబడది. దానికి కథ రకమే మార్చాలె. “ఎన్ని ముక్కలు” కాదు, “ఒక్కదానికి ఎంత” అనే కథ కావాలె. ముప్పావు ఎకరంల 6 క్వింటాళ్ల పత్తి వచ్చింది. అదే లెక్కన ఎకరానికి ఎంత? ఇది 6 ÷ ¾. ముప్పావుల మూడు పావులున్నయి, కనుక పావుకు 6 ÷ 3 = 2. ఎకరంల నాలుగు పావులు, కనుక 2 × 4 = 8. 3తో భాగించినం, 4తో గుణించినం. అదే 6 × 4/3. తిప్పుడు ఎవరూ చెప్పకుండనే బోర్డు మీద వచ్చింది.

ఇక్కడ అంకెల ఎంపిక చూడండి. ఇదే కథ ½తో మొదలుపెడితే లవం 1, కనుక “లవంతో భాగించు” అనే మెట్టు కండ్లకు కనబడది. పిల్లలకు “రెట్టింపు చేయి” అన్నదే మిగుల్తది, రేపు ⅔ వస్తే చెయ్యి ఆడది. మొదటి ఉదాహరణల లవం 1 కావద్దు, భాజ్యం ఆ లవంతో తెగాలె. 6 ÷ ¾, 8 ÷ ⅔, 10 ÷ ⅚ ఇట్ల. ఆ తర్వాతనే ½, ¼.

నిరూపణ_కాజీపేట

బాగుంది. కానీ దీన్ని విడదీసి చూడండి. సూత్రం ఎందుకు పనిచేస్తుంది అన్నది గణితం. పత్తి, చెలక మీ ఊరి సంగతి. మొదటిది ఒప్పుకుంటాను, రెండోది గణితం కాదు.

పరకాల_ఏడోతరగతి

పత్తి బదులు పాలు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. లవం 1 కావద్దన్న సంగతి మాత్రం పత్తిల లేదు, భిన్నంల ఉంది. అది ఏ టీచరు అనుభవం నుంచీ రావాల్సిన పని లేదు, భాగహారంల ఎన్ని మెట్లున్నయో చూసినోళ్లకు తెలుస్తది. “ఏ ఉదాహరణతో మొదలుపెట్టాలె” అన్నది బోధన ప్రశ్న. దాని జవాబు గణితంల దొరికింది.

కరీంనగర్_గ్రంథాలయం

ఈ గొడవకు చాలా వయసుంది. 1908లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభే గణిత బోధన కోసం ఒక అంతర్జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. దాని మొదటి అధ్యక్షుడు ఫెలిక్స్ క్లైన్, జ్యామితిలో పేరు మోసిన పరిశోధకుడు. ఆయన చెప్పిన ఇబ్బంది మనకూ వర్తిస్తుంది. బడి నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లినవాడు బడి లెక్కలు మరచిపోవాల్సి వస్తుంది. మళ్లీ టీచరై బడికి వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం లెక్కలు మరచిపోతాడు. రెండు చోట్లా తెగిన ఆ దారాన్ని కలపడం గణితజ్ఞుల పనేనని ఆయన వాదన. 1986లో లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త దీనికే ఇంకో కొస నుంచి వచ్చి, విషయ జ్ఞానం, బోధనా నైపుణ్యం కాక ఈ రెండూ కలిసిన మూడో జ్ఞానం ఒకటుందని చెప్పాడు. ఏడో తరగతి మేష్టారు పైన రాసింది ఆ మూడోదే.

మన దగ్గరా లెక్కను, లెక్క చెప్పడాన్ని విడదీసి చూడలేదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం సంస్కృతంలో వచ్చింది. భాజకంలోని లవహారాలను తారుమారు చేసి గుణించమనే సూత్రం అందులో ఉంది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సూత్రం వెంట ఉదాహరణ, ఉదాహరణలో ఊరి వ్యవహారం. గణిత గ్రంథమే పాఠ్యపుస్తకం కూడా.

ఇంకొకటి. (అ)లో ఇచ్చిన 1¾ ÷ ½ అనుకోకుండా పడిన లెక్క కాకపోవచ్చు. చైనా, అమెరికా ప్రాథమిక ఉపాధ్యాయులను పోలుస్తూ లిపింగ్ మా 1999లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఈ లెక్కనే ఇచ్చి, దీనికి ఒక కథ అల్లమని అడిగారు. చైనా ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది కథ అల్లగలిగారు, అమెరికా వాళ్లలో దాదాపు అందరూ కథ దగ్గర ఆగిపోయారు. ½తో భాగించమంటే 2తో భాగించే కథ చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

జనగామ_బీఎస్సీ

(ఆ) సంగతేంది? మా దగ్గర అందరూ వరుస పద్ధతే చెప్తరు. (−2) × 3 = −6, (−2) × 2 = −4, (−2) × 1 = −2, (−2) × 0 = 0, ప్రతి మెట్టుకు 2 పెరుగుతున్నది కనుక (−2) × (−1) = 2. ఇది నిరూపణ కాదని కొందరంటరు.

నిరూపణ_కాజీపేట

కాదు. నాలుగు మెట్లు ఒక తీరుగా ఉన్నంత మాత్రాన ఐదోది అలాగే ఉండాలని లేదు. న² + న + 41 తీసుకోండి. న = 0 నుంచి 39 దాకా అన్నీ ప్రధాన సంఖ్యలే. న = 40 దగ్గర 41² వస్తుంది. వరుస చూపించి నమ్మించడం, నిరూపించడం వేరు వేరు పనులు.

నిరూపణ ఇది: (−2) × (3 + (−3)) = (−2) × 0 = 0. విభాగ న్యాయం ప్రకారం ఎడమవైపు (−2) × 3 + (−2) × (−3). మొదటిది −6. మొత్తం సున్నా కావాలంటే రెండోది +6 అయి తీరాలి.

హన్మకొండ_లెక్కలు

సార్, ఇక్కడనే నాకు అసలు ఆసక్తి. ఆ వరుస ఒట్టి నమ్మకమేనా, లేక దాని కింద నిరూపణ దాగి ఉందా? ప్రతి మెట్టుకు 2 ఎందుకు పెరగాలె అని అడిగితే:

న ను (న − 1) + 1 గా రాయండి. విభాగ న్యాయంతో (−2) × న = (−2) × (న − 1) + (−2) × 1. అంటే (−2) × (న − 1) = (−2) × న + 2. న ఏ పూర్ణసంఖ్య అయినా ఇది నిజం, ఋణ సంఖ్య అయినా నిజమే. న = 0 పెడితే (−2) × (−1) = 0 + 2. వరుస ఎక్కడా విరగదు, విభాగ న్యాయం దాన్ని విరగనీయదు. 41 వరుసకు ఇట్లాంటి కాపలా ఏదీ లేదు, అందుకే అది 40 దగ్గర విరిగింది.

ఒక జాగ్రత్త. తొందరల (న − 1) ను న + (−1) అని విడదీస్తే (−2) × (−1) అవసరం పడ్తది, మనం నిరూపించాల్సిందే అది. చక్రంల పడ్తం. న నే విడదీయాలె. ఈ ఒక్క వరుస కలిపితే బోర్డు మీది పద్ధతి సంపూర్ణ నిరూపణ అయితది, పిల్లలకు పట్టిక ముందు, కారణం తర్వాత. “వరుస పద్ధతి వాడొచ్చా” అని అడిగితే బోధన ప్రశ్న అని పక్కన పెట్టేటోళ్లం. జవాబుల ఉన్నదంతా గణితమే.

నిరూపణ_కాజీపేట

ఇది ఒప్పుకుంటున్నాను. న ను విడదీయాలా, (న − 1) నా అన్న తేడా మంచి పరిశీలన. బ్రహ్మగుప్తుడు 628లో ఋణ ఋణ గుణకారం ధనమని సూత్రంగా ఇచ్చాడు. దాన్ని ఏ న్యాయాల మీద నిలబెట్టాలి అన్నది తర్వాతి కాలం వాళ్ల పని. ఆ పనిని ఏడో తరగతి స్థాయిలో చేయడం గణితమే.

మంచిర్యాల_ఇంటర్

(ఇ) మీద ఎవరూ చెయ్యి వేయలేదు, అందులోనే ఎక్కువ గణితం ఉంది.

ఘన బహుపది య(య − క)(య − ఖ) తీసుకోండి. మూలాలు 0, క, ఖ. విస్తరిస్తే య³ − (క + ఖ)య² + క×ఖ×య. అవకలజం 3య² − 2(క + ఖ)య + క×ఖ. దీని విచక్షణి 4(క² − క×ఖ + ఖ²). కాబట్టి అవకలజం మూలాలు అకరణీయ సంఖ్యలు కావాలంటే

క² − క×ఖ + ఖ² = గ²

కావాలి. చాలామంది ఇక్కడ అంకెలు వేసి చూస్తూ కూర్చుంటారు, దొరక్క √7, √13 ఉన్న జవాబులతో పేపరు ఇచ్చేస్తారు. పై సమీకరణాన్ని జ్యామితిలో చూడండి. కొసైన్ సూత్రం ప్రకారం ఇది క, ఖ భుజాల మధ్య 60° కోణం, దానికి ఎదురుగా గ భుజం ఉన్న త్రిభుజం. అంటే మనకు కావలసింది పూర్ణసంఖ్యా భుజాలున్న 60° త్రిభుజాలు. లంబకోణ త్రిభుజాలకు 3, 4, 5 లాగా వీటికీ సూత్రం ఉంది:

క = మ² − న², ఖ = 2మ×న − న², గ = మ² − మ×న + న²   (మ > న)

మ = 3, న = 1 పెడితే 8, 5, 7. మ = 4, న = 1 పెడితే 15, 7, 13. మ = 5, న = 1 పెడితే 24, 9, 21, అంటే 8, 3, 7కు మూడు రెట్లు. మ = 2, న = 1 పెడితే 3, 3, 3 వస్తుంది, అందులో క, ఖ ఒకటే కాబట్టి వదిలేయండి.

అవకలజం మూలాలు ((క + ఖ) ± గ)/3. మూడుతో తెగకపోతే క, ఖ, గ మూడింటినీ మూడు రెట్లు చేయండి. 8, 3, 7కు 18/3 = 6, 4/3 వస్తాయి. 24, 9, 21కు 18, 4. అంటే య(య − 9)(య − 24) అవకలజం 3(య − 4)(య − 18). అన్నీ పూర్ణసంఖ్యలే. అదే తీరులో య(య − 15)(య − 24) ఇస్తే 6, 20.

పెట్టె లెక్క కూడా ఇదే. క × ఖ కొలతల రేకు నాలుగు మూలల్లో య భుజంతో చతురస్రాలు కోసి మడిస్తే ఘనపరిమాణం య(క − 2య)(ఖ − 2య). గరిష్ఠం య = (క + ఖ − గ)/6 దగ్గర. 5 × 8 రేకుకు (13 − 7)/6 = 1, ఘనపరిమాణం 1 × 3 × 6 = 18. రెండో మూలం (13 + 7)/6 = 10/3. దాన్ని కూడా జవాబుగా రాసే పిల్లలుంటారు. 5 సెంటీమీటర్ల వైపు రెండు చివరలా 10/3 కోయలేమని గుర్తు చేయాలి. సూత్రంలో వేస్తే ఘనపరిమాణం ఋణంగా వస్తుంది.

2013 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో 8 : 15 నిష్పత్తిలో భుజాలున్న రేకు లెక్క వచ్చింది గుర్తుందా? ఘనపరిమాణం గరిష్ఠమైనప్పుడు తీసేసిన చతురస్రాల మొత్తం వైశాల్యం 100, కాబట్టి య = 5. ఆ 8, 15 ఊరికే పెట్టినవి కావు: 64 − 120 + 225 = 169 = 13². భుజాలు 8, 15కు ఎన్ని రెట్లో ఆ సంఖ్యను గుణకం అందాం. (8 + 15 − 13)/6 = 10/6. గుణకం × 10/6 = 5 అంటే గుణకం 3, రేకు 24 × 45.

పేపరు తయారుచేసే టీచరు అడిగిన ప్రశ్న సంఖ్యావాదంలోకి తీసుకొచ్చింది. దీన్ని బోధన ప్రశ్న అని తలుపు బయట నిలబెడితే నష్టం గణితానిదే.

జనగామ_బీఎస్సీ

ఆ సూత్రం ఎట్ల వచ్చింది సార్?

మంచిర్యాల_ఇంటర్

ఒకటి యొక్క సంకీర్ణ ఘనమూలం ఓమెగా ఇంటర్‌లో చదివిందే. ఓమెగా² = −1 − ఓమెగా. (మ + న×ఓమెగా) వర్గం తీయండి: (మ² − న²) + (2మ×న − న²) ఓమెగా. క + ఖ×ఓమెగా పరమ మూల్యం వర్గం క² − క×ఖ + ఖ². వర్గం తీస్తే పరమ మూల్యం కూడా వర్గమవుతుంది. అంతే.

జగిత్యాల_గణితం

అందరికీ నమస్కారం. ఇటు వాదన గెలిచినట్టు ఉంది కాబట్టి అటు వైపు ఒక మాట. “ఎలా చెప్పాలి” అన్న ప్రశ్నల్లో గణితం తేల్చలేనివి నిజంగా ఉన్నాయి, వాటిని గణితంతో తేల్చినట్టు నటించకూడదు. ముప్పావు ఎకరం కథ చెబితే పిల్లలకు ఆరు నెలల తర్వాత ఎక్కువ గుర్తుంటుందా? ఇది నిరూపణతో తేలదు. రెండు సెక్షన్లలో రెండు రకాలుగా చెప్పి, ఒకే పరీక్ష పెట్టి, రెండు సెక్షన్లూ మొదట్లో ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో చూసి తేల్చాలి. “నా తరగతిలో పనిచేసింది” అనే మాటకు సాక్ష్యం విలువ తక్కువ. కాజీపేట సార్ భయం అక్కడ సమంజసమే.

అయితే చాలా ప్రశ్నలు చెడిపోయేది అడిగే తీరు వల్ల. “పిల్లలు (క + ఖ)² = క² + ఖ² అని రాస్తున్నారు, ఏం చేయాలి?” అని అడిగితే వచ్చేవి ఓదార్పులే. అదే ప్రశ్నను “ఏ క, ఖ లకు ఇది నిజమవుతుంది?” అని అడగండి. తేడా 2క×ఖ, కాబట్టి రెండింటిలో ఒకటి సున్నా అయితేనే. అంటే సరిచూడటానికి సున్నా ఇవ్వకూడదు. 3, 4 ఇస్తే 49 ఎక్కడ, 25 ఎక్కడ. అట్లాగే సరిచూసే అంకెగా 2 కూడా మంచిది కాదు: 2 + 2, 2 × 2, 2² మూడూ 4. తప్పు సూత్రం కూడా 2 దగ్గర ఒప్పుగా కనబడుతుంది.

భిన్నాల్లో అంకెలు కొట్టేయడం తెలిసిందే. 16/64లో ఆరు కొట్టేసి ¼ అంటారు, జవాబు సరిపోతుంది! ఇలాంటివి లవం, హారం రెండూ రెండంకెల సంఖ్యలై, విలువ ఒకటి కంటే తక్కువగా, సున్నా కొట్టేసేవి వదిలేస్తే నాలుగే ఉన్నాయి: 16/64, 19/95, 26/65, 49/98. వర్క్‌షీట్ తయారుచేసేవాళ్లు ఈ నాలుగూ పడకుండా చూసుకోవాలి, లేకుంటే తప్పు పద్ధతికి మనమే మార్కులు వేస్తాం.

అడిగేటప్పుడు ఇవి రాస్తే జవాబు గణితంలో దొరికే అవకాశం పెరుగుతుంది: ఏ తరగతి, అప్పటికి ఏ నిర్వచనాలు చెప్పారు, ఏ న్యాయాలు వాడుకోవచ్చు, పిల్లవాడు రాసిన వరుస ఉన్నదున్నట్టు. “కొందరికి అర్థం కావడం లేదు” అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ములుగు_హైస్కూల్

పై (π) విలువ 22/7 సంగతి చెప్పండి. పదో తరగతిల పై కరణీయ సంఖ్య అంటం, క్షేత్రమితిల 22/7 అంటం. పిల్లలు అడుగుతరు.

హన్మకొండ_లెక్కలు

22/7 = 3.142857…, పై = 3.141592…. తేడా 0.00126, అంటే దాదాపు 0.04 శాతం. స్కేలుతో వ్యాసార్ధం 7 సెంటీమీటర్లు కొలిస్తే అర మిల్లీమీటరు అటు ఇటు ఉంటది. దాని వల్ల వైశాల్యంల వచ్చే తేడా 2 × 0.05/7, దాదాపు 1.4 శాతం. కొలత తప్పు ముందల 22/7 తప్పు ముప్పయ్యో వంతు కన్నా చిన్నది, కనుక కొలిచిన వాటికి 22/7 చాలు. సమానం అనే గుర్తు మాత్రం పెట్టొద్దు, “దాదాపు” గుర్తు పెట్టాలె. పై కరణీయమని లాంబర్ట్ 1761ల నిరూపించిండు, ఆ నిరూపణ పదో తరగతికి అందది, “నిరూపణ ఉంది, పైన చదువుతరు” అని చెప్పుడే న్యాయం.

నిరూపణ_కాజీపేట

నా మాట సవరించుకుని చెబుతాను. జవాబులో ఒక వాక్యమైనా నిజమో అబద్ధమో గణితంతో తేల్చగలిగితే ఆ ప్రశ్న గణిత సమావేశంలో కూర్చోవచ్చు. తేల్చగలిగే వాక్యం ఒక్కటీ లేకపోతే వద్దు. వెనక బెంచీల ప్రశ్న ఇందులో రాదు, 60° త్రిభుజాలు వస్తాయి.

దీన్ని నేనే ఒక ప్రశ్నతో పరీక్షిస్తాను. గణితానుగమనంలో పిల్లలు మొదటి మెట్టు, అంటే న = 1కు సరిచూడటం, వట్టి లాంఛనమని వదిలేస్తారు. అది లేకపోతే ఎంత ప్రమాదమో చూపే ఉదాహరణ కావాలి. షరతులు: రెండో మెట్టు, అంటే నకు నిజమైతే న + 1కూ నిజమని చూపడం, అచ్చంగా సరిపోవాలి, ఫలితం నమ్మదగ్గట్టు కనబడాలి, అయినా అబద్ధం కావాలి.

మంచిర్యాల_ఇంటర్

1 + 2 + … + న = (న² + న + 2)/2 ఇవ్వండి. నకు నిజమనుకుని (న + 1) కలపండి: (న² + న + 2 + 2న + 2)/2 = (న² + 3న + 4)/2. కుడివైపు న స్థానంలో న + 1 పెట్టినా (న + 1)² + (న + 1) + 2 = న² + 3న + 4. రెండో మెట్టు నిక్షేపంగా సాగుతుంది. న = 1కు ఎడమ 1, కుడి 2. ఏ నకూ నిజం కాదు, ఎప్పుడూ ఒకటి ఎక్కువ. తయారుచేసే కిటుకు ఏమిటంటే, నిజమైన సూత్రానికి ఏ స్థిరరాశి కలిపినా రెండో మెట్టు చెడదు, ఎందుకంటే ఆ మెట్టు చూసేది తేడానే. సెక్షన్‌కు ఒక స్థిరరాశి మార్చి ఇవ్వొచ్చు.

జనగామ_బీఎస్సీ

ఘన బహుపది లెక్కల మూలాల్ల సున్నా ఎప్పుడూ ఉంటే పిల్లలు కనిపెడ్తరు. అవకలజం కూడా ఇంకా తేలిగ్గ ఉండాలె. చేయొచ్చా?

మంచిర్యాల_ఇంటర్

చేయొచ్చు. 0, 9, 24 మూలాల సగటు 11, అవకలజం మూలాలు 4, 18ల సగటు కూడా 11. వక్రం వంపు మారేది అక్కడే. అన్నింటి నుంచి 11 తీసేయండి: మూలాలు −11, −2, 13. బహుపది య³ − 147య − 286. అవకలజం 3య² − 147, మూలాలు ±7. య = −7 దగ్గర విలువ 400, య = 7 దగ్గర −972. మూలాల మొత్తం సున్నా అయింది కాబట్టి య² పదం పోయింది. వాళ్లకు చేతికి 13 మూలమని ఇచ్చి మిగతావి కనుక్కోమనండి, (య − 13)తో భాగిస్తే య² + 13య + 22 వస్తుంది.